పెద్ద అంకె, చిన్న స్టిక్కర్: బరువు లాగే డీజిల్ పికప్‌ను ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో హెవీ డ్యూటీ పికప్ ట్రక్కు కొనడానికి వెళ్లినవారికి రెండు అంకెలు ఎదురవుతాయి. మొదటిది కంపెనీ కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ బండి ఇన్ని వేల పౌండ్ల ట్రైలర్‌ను లాగుతుందని చెబుతుంది. రెండోది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కర్‌పై ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు మించరాదని హెచ్చరిస్తుంది. కొనేవారిలో చాలామంది మొదటి అంకె చూసి నిర్ణయం తీసుకుంటారు. కానీ బరువైన ట్రైలర్ తగిలించినప్పుడు బండి హద్దు దాటేది ఎక్కువగా రెండో అంకె దగ్గరే.

ఈ తేడా ఎందుకు వస్తుంది? ఒక బండి లాగగలిగే బరువుకూ, మోయగలిగే బరువుకూ అంత దూరం ఎందుకు ఉంటుంది? డీజిల్ ఇంజిన్‌కు ఈ పనిలో ఉన్న ప్రత్యేకత ఏమిటి? వీటికి జవాబులు హైస్కూలు భౌతికశాస్త్రంలోనే ఉన్నాయి. తులాదండం, వాలుతలం, స్థితిజ శక్తి, డోలనం అనే నాలుగు పాఠాలు గుర్తుంటే చాలు.

లాగడం వేరు, మోయడం వేరు

అమెరికన్ పికప్‌లను అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని మూడు తరగతులుగా పిలుస్తారు. ఒకప్పుడు అవి మోసే బరువును బట్టి వచ్చిన పేర్లు ఇవి. ఇప్పుడు ఆ బళ్లు అంతకంటే చాలా ఎక్కువే మోస్తాయి, పేర్లు మాత్రం మిగిలాయి. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500 ముప్పావు టన్ను తరగతికి చెందుతాయి. ఎఫ్-350, 3500 అంకెలున్నవి ఒక టన్ను తరగతివి. హెవీ డ్యూటీ అంటే ఈ రెండు తరగతులే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలుగురున్న కుటుంబం వంటగది, పడకలు, నీళ్ల ట్యాంకు అన్నీ అమర్చిన క్యాంపింగ్ ట్రైలర్ కొన్నది. సామానుతో కలిపి దాని బరువు 6,000 కిలోలు. ఇది ట్రక్కు వెనక బంపర్ దగ్గర కాక, ట్రక్కు తొట్టెలో, వెనక ఇరుసుకు సరిగ్గా పైన తగిలించే రకం. దీన్ని ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అంటారు. లాగడానికి ఆ కుటుంబం ముప్పావు టన్ను డీజిల్ పికప్‌ను చూస్తోంది. ఈ తరగతి బళ్లు 7, 8 టన్నుల వరకూ లాగగలవని కరపత్రాల్లో ఉంటుంది. 6 టన్నులు అంతకంటే తక్కువే కాబట్టి సరిపోతుందనిపిస్తుంది.

ఇప్పుడు తలుపు దగ్గరి స్టిక్కర్ లెక్క చూద్దాం. ఈ తరగతిలో చాలా బళ్ల గరిష్ఠ స్థూల బరువును కంపెనీలు 10,000 పౌండ్లుగా, అంటే 4,536 కిలోలుగా నిర్ణయించాయి. బండి, మనుషులు, సామాను, ట్రైలర్ నుంచి బండి మీద వాలే భారం అన్నీ కలిపి ఇంతకు మించకూడదు. నాలుగు తలుపులు, నాలుగు చక్రాల డ్రైవ్, డీజిల్ ఇంజిన్ ఉన్న బండి ఖాళీ బరువు సుమారు 3,400 కిలోలు అనుకుందాం. మిగిలేది 1,136 కిలోలు. నలుగురు మనుషులకు 300, ట్రైలర్‌ను తగిలించే ఇనుప పరికరానికి 80, పెట్టెలకూ పనిముట్లకూ 100 కిలోలు తీసేస్తే 656 కిలోలు మిగులుతాయి.

ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తన బరువులో 15 నుంచి 25 శాతాన్ని ట్రక్కు మీద వాలుస్తుంది. 20 శాతం లెక్కన 6,000 కిలోల ట్రైలర్ 1,200 కిలోలు మోపుతుంది. ఉన్నది 656 కిలోల చోటు. లాగే సామర్థ్యం ఇంకా మిగిలి ఉండగానే మోసే సామర్థ్యం 544 కిలోల మేర దాటిపోయింది.

ఈ లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. డీజిల్ ఇంజిన్ అధిక పీడనాన్ని తట్టుకోవాలి కాబట్టి దాని గోడలు, కడ్డీలు దళసరిగా ఉంటాయి. అదే బండి పెట్రోల్ రూపం కంటే డీజిల్ రూపం రెండు మూడు వందల కిలోలు ఎక్కువ తూగుతుంది. గరిష్ఠ స్థూల బరువు రెండింటికీ ఒకటే అయినప్పుడు ఆ అదనపు బరువు మోసే సామర్థ్యంలోంచే పోతుంది. అంటే ఎక్కువ లాగగలదని డీజిల్ ఎంచుకున్నవారికి మోసే చోటు తగ్గుతుంది. ముప్పావు టన్ను డీజిల్ బళ్లలో ఇది తరచూ ఎదురయ్యే చిక్కు.

దీనికి పరిష్కారం ఇంకా బలమైన ఇంజిన్ కాదు, ఇంకా బలమైన ఇరుసు. ఒక టన్ను తరగతిలో, వెనక ఒక్కోవైపు రెండేసి చక్రాలున్న బళ్ల గరిష్ఠ స్థూల బరువు 14,000 పౌండ్ల దాకా, అంటే 6,350 కిలోల దాకా ఉంటుంది. బండి బరువు 3,900 కిలోలు అనుకున్నా 2,450 కిలోల చోటు మిగులుతుంది. పై ట్రైలర్ దాని మీద తేలిగ్గా ఒదుగుతుంది. ఇంజిన్ చాలావరకూ అదే. మారింది స్ప్రింగులు, ఇరుసు, చక్రాలు.

తోక మీద భారం, ముందు చక్రాల తేలిక

ట్రైలర్‌ను తొట్టెలో కాక, బంపర్ కింది కొక్కేనికి తగిలిస్తే లెక్క మారుతుంది. ఈ రకంలో ట్రక్కు మీద వాలే భారం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం. శాతం తక్కువే, కానీ ఆ భారం పడే చోటు వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంది. అప్పుడు ట్రక్కు ఒక తులాదండం అవుతుంది. వెనక ఇరుసు ఆధారం, కొక్కెం ఒక చివర, ముందు ఇరుసు ఇంకో చివర.

కొక్కెం వెనక ఇరుసుకు 1.3 మీటర్లు వెనక ఉందనీ, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లనీ అనుకుందాం. కొక్కెం మీద 600 కిలోలు వాలితే ముందు ఇరుసు మీది నుంచి 195 కిలోలు లేచిపోతాయి. వెనక ఇరుసు మీద 600 కాదు, 795 కిలోలు పడతాయి. బండిని మలిపేవి ముందు చక్రాలు. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ అవే. వాటి మీది భారం తగ్గితే నేలతో ఘర్షణ తగ్గి, స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే బరువైన ట్రైలర్లకు స్ప్రింగు కడ్డీలున్న ప్రత్యేక కొక్కెం వాడతారు. అది కొంత భారాన్ని తిరిగి ముందు ఇరుసు మీదికీ, కొంత ట్రైలర్ చక్రాల మీదికీ నెడుతుంది. తొట్టెలో తగిలించే ఫిఫ్త్ వీల్‌కు ఈ బాధ ఉండదు. దాని భారం వెనక ఇరుసు మీద నేరుగా పడుతుంది కాబట్టి తులాదండానికి చేయే లేదు.

మరి తోక మీద భారాన్ని పూర్తిగా తగ్గించేస్తే పోదా? పోదు. ఎడ్లబండి కట్టిన రైతుకు ఈ సంగతి కొత్త కాదు. బస్తాలు మరీ వెనక్కి సర్దితే కాడి పైకి లేచి ఎద్దుల మెడతాళ్లు బిగుసుకుంటాయి. మరీ ముందుకు సర్దితే మెడలు నలుగుతాయి. కాస్త ముందు బరువు ఉండేలా సర్దడమే బండి కట్టే ఒడుపు. ట్రైలర్‌కూ అంతే, కాకపోతే వేగం ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువ.

రోడ్డు మీద పోయే ట్రైలర్ కొక్కెం చుట్టూ పక్కలకు ఊగగల లోలకం లాంటిది. పక్కగాలి తగిలినా, పెద్ద లారీ దాటిపోయినా అది ఒక పక్కకు జరుగుతుంది. టైర్ల ఘర్షణ దాన్ని తిరిగి దారికి తెస్తుంది. తక్కువ వేగంలో ఈ ఊగుడు రెండు మూడు సార్లలో అణిగిపోతుంది. వేగం పెరిగేకొద్దీ అణిచే ప్రభావం తగ్గుతుంది. ఒక హద్దు వేగం దాటాక ఊగుడు అణగకపోగా ప్రతిసారీ పెద్దదవుతూ, చివరికి ట్రక్కునే పక్కకు ఈడ్చేస్తుంది. ఆ హద్దు ఎంత అన్నది గరిమనాభి ఎక్కడుందన్న దాని మీద బాగా ఆధారపడుతుంది. బరువు ట్రైలర్ వెనక భాగంలో ఉంటే హద్దు వేగం పడిపోతుంది, ఇరుసుకు ముందు ఉంటే పెరుగుతుంది. కొక్కెం మీద 10 నుంచి 15 శాతం భారం ఉండాలన్న నియమం వెనకున్న కారణం ఇదే.

ఊగుడు మొదలైతే డ్రైవర్ చేయాల్సింది మనసుకు తోచేదానికి విరుద్ధంగా ఉంటుంది. ట్రక్కు బ్రేకును గట్టిగా తొక్కకూడదు, వేగం పెంచి లాగేయాలనీ చూడకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకులను మాత్రమే చేత్తో నొక్కాలి. ట్రైలర్ వెనక్కి గుంజితే జంట తిన్నగా సాగుతుంది. అందుకే డ్రైవర్ చేతికి అందే ట్రైలర్ బ్రేక్ మీట ఉందా లేదా అన్నది బండి కొనేటప్పుడే చూసుకోవాల్సిన విషయం.

టార్క్ ఎందుకు, ఎంత?

1989 మోడల్ డాడ్జ్ పికప్‌లో కమిన్స్ కంపెనీ డీజిల్ ఇంజిన్‌ను మొదటిసారి అమర్చినప్పుడు దాని టార్క్ సుమారు 542 న్యూటన్ మీటర్లు. 2019లో రామ్ బండిలోని కమిన్స్ ఇంజిన్ 1,000 పౌండ్-అడుగులు, అంటే 1,356 న్యూటన్ మీటర్లు అందుకుంది. 2023 ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 6.7 లీటర్ల డీజిల్ ఇంజిన్ మామూలు రూపం 1,424, అధిక శక్తి రూపం 1,627 న్యూటన్ మీటర్లు ఇస్తాయి. మన దేశంలో అమ్ముతున్న టయోటా హైలక్స్ ఆటోమేటిక్ పికప్ టార్క్ 500. పోలికకు ఇది చాలు.

అయితే టార్క్ ఒక్కటే బరువును కొండ ఎక్కిస్తుందన్న మాటలో సగమే నిజం. టార్క్‌ను గేర్లతో ఎంతైనా పెంచుకోవచ్చు. సైకిల్‌కు కూడా చిన్న గేరు వేస్తే ఏటవాలు ఎక్కుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఎంత వేగంతో ఎక్కగలమో తేల్చేది సామర్థ్యం. టార్క్‌ను ఇంజిన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే సామర్థ్యం.

పై ఉదాహరణలో బండి, ట్రైలర్, మనుషులు కలిపి దాదాపు 10,000 కిలోలు. దారి 6 శాతం వాలు, అంటే 100 మీటర్లు సాగితే 6 మీటర్లు ఎక్కుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నిలవాలంటే భూమ్యాకర్షణకు వ్యతిరేకంగా ఎక్కడానికే 130 కిలోవాట్లు కావాలి. టైర్ల దొర్లుడు నిరోధానికి 20 పైచిలుకు, పెద్ద పెట్టెలాంటి ట్రైలర్‌ను గాలిలోంచి తోయడానికి 30 పైచిలుకు. మొత్తం చక్రాల దగ్గర 185 కిలోవాట్లు. గేర్లలోనూ ఇరుసులోనూ పోయేదాన్ని కలిపితే ఇంజిన్ దాదాపు 220 కిలోవాట్లు, అంటే 290 హార్స్‌పవర్‌కు పైగా, ఎడతెగకుండా ఇవ్వాలి.

ఫోర్డ్‌లోనే 7.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ 430 హార్స్‌పవర్ ఇస్తుంది. పైన చెప్పిన మామూలు డీజిల్ ఇచ్చేది 475. పెద్ద తేడా కనబడదు. తేడా అంతా అది ఎక్కడ దొరుకుతుందన్న దాంట్లో ఉంది. డీజిల్ నిమిషానికి 1,600 చుట్లు తిరిగేటప్పుడే దాని 1,424 న్యూటన్ మీటర్లు అందుతాయి. గుణించి చూస్తే 238 కిలోవాట్లు. మన కొండకు కావలసినది అప్పటికే చేతిలో ఉంది. పెట్రోల్ ఇంజిన్ గరిష్ఠ టార్క్ సుమారు 658. 1,600 చుట్ల దగ్గర అదంతా దొరికిందనుకున్నా 110 కిలోవాట్లే. కావలసిన 220 రావాలంటే అది గేరు దించి రెట్టింపు వేగంతో తిరగాలి. తిరుగుతుంది కూడా, కానీ కొండ పొడుగునా ఇంజిన్ గోల పెడుతూనే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు చిన్న ట్రైలర్ లాగేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. నెలకు వేల కిలోమీటర్లు లాగేవారికి అలసట, అరుగుదల, ఇంధనం మూడూ కలిసొస్తాయి.

డీజిల్‌కు ఈ గుణం ఎలా వచ్చింది? 1890లలో రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కి వేడెక్కించి, ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్ముతారు. పెట్రోల్ ఇంజిన్‌లో అంత నొక్కితే మిశ్రమం ముందే అంటుకుంటుంది. డీజిల్‌లో మొదట ఉండేది గాలి మాత్రమే కాబట్టి ఆ భయం లేదు. సంపీడన నిష్పత్తి ఎక్కువైతే ఉష్ణాన్ని పనిగా మార్చే దక్షత పెరుగుతుంది. ముందే అంటుకుంటుందన్న బెంగ లేదు కాబట్టి టర్బోతో ఇంకా ఎక్కువ గాలిని కూరవచ్చు. దీనికి తోడు లీటరు డీజిల్‌లో పెట్రోల్ కంటే పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది.

టర్బో వల్ల ఇంకో మేలు ఎత్తైన చోట తెలుస్తుంది. కొలరాడోలో ఐ-70 రహదారి రాకీ పర్వతాలను దాటే ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో 7 శాతం వాలు. అక్కడ గాలి సాంద్రత సముద్రతీరంలో ఉన్నదానిలో 70 శాతమే. టర్బో లేని ఇంజిన్ తన సామర్థ్యంలో దాదాపు మూడో వంతు అక్కడే పోగొట్టుకుంటుంది. 430 హార్స్‌పవర్ పెట్రోల్ బండి అక్కడ 300 హార్స్‌పవర్ బండి. టర్బో ఉన్న డీజిల్ పలచని గాలిని మళ్లీ నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి నష్టం చాలా తక్కువ. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే టెక్సస్ తీర మైదానాల్లో లాగేవారికి ఈ లెక్క అక్కర్లేదు. కొండ రాష్ట్రాల్లో ఉండేవారికి ఇదే ముఖ్యమైన లెక్క.

ఎక్కడం కంటే దిగడమే కష్టం

శ్రీశైలం, తిరుమల ఘాట్లలో బండి నడిపేవారు ఒక మాట చెబుతారు: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఆ మాట వెనక ఉన్నది శక్తి నిత్యత్వ నియమం.

10,000 కిలోల బరువు 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 490 లక్షల జౌళ్ల స్థితిజ శక్తి విడుదలవుతుంది. 150 లీటర్ల నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే స్థాయికి తేవడానికి అది చాలు. 6 శాతం వాలులో 80 కిలోమీటర్ల వేగంతో దిగితే గాలి, టైర్లు అందులో 40 శాతం పైగా పీల్చుకుంటాయి. మిగిలిన 280 లక్షల జౌళ్ల సంగతి ఏమిటి? అదంతా మొత్తం 60 కిలోల ఇనుమున్న బ్రేక్ డిస్కుల్లోకే వెళ్లి, చల్లారే వీలే లేకపోతే వాటి ఉష్ణోగ్రత 1,000 డిగ్రీలు పెరుగుతుంది. నిజంగా గాలి కొంత చల్లబరుస్తుంది, ట్రైలర్ బ్రేకులూ పంచుకుంటాయి. అయినా అంతకు ఎంతో ముందే బ్రేకుల పట్టు సడలుతుంది. పెడల్ తొక్కుతున్నా బండి ఆగదు.

అందుకే వేడిని బ్రేకులకు కాకుండా ఇంజిన్‌కు అప్పగించాలి. ఇక్కడ డీజిల్‌కు సహజంగా ఒక లోటు ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీయగానే గాలి దారి మూసుకుని, లోపల ఏర్పడే శూన్యం ఇంజిన్‌ను వెనక్కి గుంజుతుంది. డీజిల్‌కు మామూలుగా అలాంటి మూత పని ఉండదు. గాలి యథేచ్ఛగా వస్తుంది, నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను తోసేస్తుంది. ఈ లోటు తీర్చడానికి వచ్చిందే ఎగ్జాస్ట్ బ్రేక్. నేటి పికప్‌లలో టర్బో రెక్కలను దాదాపు మూసేసి, పొగ బయటికి పోయే దారిని ఇరుకు చేస్తారు. పిస్టన్ ఆ ఎదురు పీడనాన్ని తోస్తూ తిరగాలి. బండి వేగంలోని శక్తి అలా వేడిగా మారి పొగగొట్టం గుండా, రేడియేటర్ గుండా బయటికి పోతుంది. బరువైన ట్రైలర్‌తో దిగే డ్రైవర్ అసలు బ్రేకులను అవసరానికి దాచుకోగలిగేది దీని వల్లే. హార్స్‌పవర్ అంకె కంటే ముందు విచారించాల్సింది ఎగ్జాస్ట్ బ్రేక్ ఉందా, ఎంత బలంగా పనిచేస్తుందన్నది.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గతిజ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు వెళ్తే వేగం పెరిగింది నాలుగో వంతు, ఆపాల్సిన శక్తి పెరిగింది సగానికి పైగా. ట్రైలర్ లాగే బళ్లకు కాలిఫోర్నియా గంటకు 55 మైళ్ల హద్దు పెట్టింది ఊరికే కాదు.

అరిజోనా కొండ మీద పరీక్ష

ఒకప్పుడు లాగే సామర్థ్యాన్ని ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిలో ప్రకటించుకునేది. పోల్చడం కుదిరేది కాదు. ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ ఇంటర్నేషనల్ 2008లో జే2807 అనే ప్రమాణాన్ని తెచ్చింది. దాన్ని మొదట పాటించింది టయోటా. తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ అదే దారికి వచ్చాయి.

ఈ ప్రమాణంలో పేరుపొందిన పరీక్ష అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎక్కుడు. 18 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. బయట కనీసం 38 డిగ్రీల ఎండ ఉండాలి, ఏసీ పూర్తిగా వేసి ఉంచాలి. వెనక ఒక్కో చక్రమున్న బండి గంటకు 64 కిలోమీటర్ల కంటే, జంట చక్రాలున్నది 56 కంటే వేగం తగ్గకూడదు. ఇంజిన్ మరిగిపోకూడదు. 12 శాతం వాలు మీద ఆగి మళ్లీ మళ్లీ కదలడం, మలుపుల్లో నిలకడ, బ్రేకుల పరీక్ష కూడా ఉన్నాయి.

ఎండ, ఏసీ ఎందుకంటే ఈ పరీక్షలో నిజంగా కొలిచేది వేడిని వదిలించుకునే శక్తిని. 220 కిలోవాట్ల పని చేసే డీజిల్ 40 శాతం దక్షతతో నడిచినా, లోపల 550 కిలోవాట్ల ఇంధనం మండుతుంది. మిగతా 330 కిలోవాట్లు వేడిగా బయటికి పోవాలి. ఆ లెక్కన కొండ ఎక్కేటప్పుడు గంటకు 55 లీటర్లు ఖర్చవుతాయి. లీటరుకు ఒకటిన్నర కిలోమీటరు కూడా రాదు.

ప్రమాణం మంచిదే, కానీ దాని హద్దును గుర్తుంచుకోవాలి. అందులో బండిలో ఉన్నట్టు లెక్కించేది 150 పౌండ్ల చొప్పున ఇద్దరిని. నలుగురు మనుషులు, తొట్టెలో సామాను ఉన్న కుటుంబానికి కరపత్రంలోని అంకె వర్తించదు.

డీజిల్ ఎవరికి వద్దు?

డీజిల్ ఇంజిన్‌కు అమెరికాలో పెట్రోల్ రూపం కంటే దాదాపు 10 వేల డాలర్లు అదనంగా పెట్టాలి. నిర్వహణ ఖర్చూ ఎక్కువే. పొగను శుభ్రం చేసే వ్యవస్థ ఇంకో బాధ్యత. మసిని పట్టే వడపోత, నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టడానికి 32.5 శాతం యూరియా ద్రావణం, వాటి సెన్సర్లు అన్నీ ఉంటాయి. 2020లో బీఎస్-6 వచ్చాక మన లారీ డ్రైవర్లకూ ఈ యూరియా ట్యాంకు పరిచయమే. మసి వడపోత తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే పొగ బాగా వేడెక్కాలి. బరువు లాగుతూ దూరం పోయే బండిలో అది దానంతట అదే జరుగుతుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి పిల్లల్ని బడిలో దింపి వచ్చే బండిలో ఇంజిన్ వేడెక్కేలోపే ఆగిపోతుంది, వడపోత పూడుకుపోతుంది.

ఈ పరికరాలను తీసేసి నడిపేవారూ ఉన్నారు. అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ దాన్ని నిషేధిస్తుంది. తయారీదారులూ ఆ చట్టానికి అతీతులు కారు. రామ్ పికప్‌ల ఇంజిన్లలో పొగ నియంత్రణను తప్పించే సాఫ్ట్‌వేర్ ఉందన్న ఆరోపణపై కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2023 డిసెంబరులో ప్రకటించిన ఈ జరిమానా ఆ చట్టం కింద అతి పెద్దది. మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు చేరేది పక్కింటివారి ఊపిరితిత్తుల్లోకే. బండి ఎంపికలో ఆ లెక్క కూడా కలపాలి.

కాబట్టి ట్రైలర్ 3, 4 టన్నుల లోపు ఉండి, అప్పుడప్పుడే లాగుతూ, మైదానాల్లో తిరిగేవారికి హెవీ డ్యూటీ పెట్రోల్ బండి చాలు. మోసే చోటు కూడా ఎక్కువ మిగులుతుంది. 5 టన్నులు దాటి, కొండ దారుల్లో, తరచూ లాగేవారికి డీజిల్ తన ధరకు న్యాయం చేస్తుంది.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్రక్కు నుంచి కాదు, ట్రైలర్ నుంచి. ట్రైలర్ ఖాళీ బరువు కాదు, దాని మీద రాసి ఉన్న గరిష్ఠ బరువు తీసుకోవాలి. నీళ్లు, గ్యాసు, వంట సామాను, మంచాలు చేరాక చాలా ట్రైలర్లు ఆ హద్దు దగ్గరికే వస్తాయి. అందులో 20 శాతమో, బంపర్ రకమైతే 12 నుంచి 15 శాతమో ట్రక్కు మీద పడుతుందనుకోవాలి. దానికి మనుషులు, సామాను, కొక్కెం బరువు కలపాలి. ఆ మొత్తం కంటే తలుపు స్టిక్కర్ మీది అంకె పెద్దదై ఉండాలి. స్టిక్కర్ నమూనా బండిది కాదు, సరిగ్గా కొనబోయే బండిదే చూడాలి. పైకప్పు అద్దం, పెద్ద సీట్లు లాంటి ప్రతి హంగూ ఆ అంకెను తగ్గిస్తుంది. 10,000 పౌండ్ల స్థూల బరువు దాటిన బళ్లకు ఈ స్టిక్కర్ తప్పనిసరి కాదు. అప్పుడు స్థూల బరువులోంచి బండి ఖాళీ బరువును తీసేసి లెక్కించుకోవాలి. ఆ తర్వాత వెనక ఇరుసు, టైర్లు, కొక్కెం ఒక్కొక్కదాని హద్దు. ఆ తర్వాత బండి, ట్రైలర్ కలిపిన బరువు హద్దు. ఇవన్నీ నెగ్గిన బళ్లలో దారి ఎత్తును, వాలును బట్టి ఇంజిన్‌ను ఎంచుకోవాలి. అన్నిట్లోకీ చిన్నదైన హద్దే ఆ బండి అసలు సామర్థ్యం.

కొన్నాక ఒక పని మిగిలి ఉంటుంది. అమెరికాలో లారీలు ఆగే చోట్ల వేబ్రిడ్జిలు ఉంటాయి. కుటుంబం, సామాను, నిండు ట్యాంకులతో మొదటి ప్రయాణానికి ముందు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా తూచుకోవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక పూట భోజనమంత. ఆ చీటీ మీది మూడు అంకెలను బండి స్టిక్కర్‌తో పోల్చుకుంటే, కొండ మీద బ్రేకు తొక్కినప్పుడు తెలియాల్సిన విషయం పెట్రోలు బంకులో నిలబడే తెలిసిపోతుంది.